రంది, బుగులు, బీఏ సైకాలజీ

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పుస్తకాల దుకాణానికి వెళ్లి సైకాలజీ పుస్తకం కావాలంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "టెట్‌కా, డీఎస్సీకా?" రెంటికీ కాదు, ఊరికే చదువుకుందామని అంటే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల అర చూపిస్తారు. దక్షిణ తెలంగాణలో ఈ శాస్త్రం బతుకు ఆ రెండు అరల మధ్యే సాగుతోంది. డిగ్రీలో మూడేళ్లు కూర్చుని నేర్చుకోవాల్సిన విద్యగా అది ఇక్కడికి ఇంకా సరిగ్గా చేరలేదు. ఎందుకు చేరలేదు, చేరితే ఏం చెబుతారు, చదివినవాళ్లు ఏమవుతారు, ఈ నేలకు దానితో పనేమిటి అన్నవి విడివిడిగా వినిపించే ప్రశ్నలు. వాటిని ఒకచోట పెట్టి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు.

ముందు ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ సంగతి. 150 మార్కుల పేపర్లో 30 మార్కులు శిశు వికాసానికి, పెడగాజీకి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మొదటి టెట్ పెట్టిన నాటి నుంచి ఊరూరా బీఈడీ, డీఈడీ చేసిన పిల్లలు పావ్లోవ్ కుక్కను, థార్న్‌డైక్ పిల్లిని, కోహ్లర్ చింపాంజీని బట్టీ పడుతూనే ఉన్నారు. కుక్క అనగానే శాస్త్రీయ నిబంధనం, పిల్లి అనగానే యత్నదోష అభ్యసనం, చింపాంజీ అనగానే అంతర్దృష్టి అభ్యసనం. 2024 డీఎస్సీలో 11,062 ఉపాధ్యాయ పోస్టుల కోసం పోటీ పడ్డవాళ్లలో ఈ మూడు జంతువులు తెలియనివాళ్లు ఉండరు. తెలుగులో సైకాలజీకి పారిభాషిక పదాలు ఇంతగా జనం నోళ్లలో నానాయంటే అది ఈ పరీక్షల పుణ్యమే. మూర్తిమత్వం, ప్రజ్ఞాలబ్ధి, రక్షక తంత్రాలు, వైయక్తిక భేదాలు అనే మాటలు గ్రాంథికంగా కనిపిస్తాయి గానీ దేవరకొండలో, అచ్చంపేటలో చదువుకున్న యువతకు అవి రోజువారీ మాటలు. దీన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ బిట్టుకు జవాబు తెలిస్తే చాలు. పెట్టెలో పెట్టిన పిల్లి బయటపడటానికి ఎంతసేపు పట్టిందో థార్న్‌డైక్ ప్రతిసారీ ఎందుకు రాసుకున్నాడు, ఒక్క పిల్లిని చూసి అందరికీ వర్తించే సూత్రం చెప్పవచ్చా అని అడిగే తీరిక ఆ తయారీలో ఉండదు.

రెండో అర యండమూరి "విజయానికి ఐదు మెట్లు"తో, బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలతో నిండింది. తెలుగు మధ్యతరగతి సైకాలజీ అనే మాటను భయం లేకుండా పలకగలిగిందంటే అందులో ఈ రచయితల పాత్ర పెద్దదే. అయితే ఈ రెండు అరలకూ ఒక పోలిక ఉంది. రెండూ జవాబులు ఇస్తాయి. ఆ జవాబు నిజమో కాదో తేల్చుకునే పద్ధతి ఇవ్వవు. డిగ్రీలో నేర్పాల్సింది ఆ పద్ధతినే.

చరిత్ర కొంచెం చూద్దాం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ 1879లో మనోవిజ్ఞాన ప్రయోగశాల తెరిచాడు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రయోగాత్మక మనోవిజ్ఞాన శాఖను పెట్టింది. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి రెండో ముఖ్యమైన శాఖను నిలబెట్టారు. 1935లో తన ఇంట్లోనే ఆకాశవాణి అన్న పేరుతో రేడియో కేంద్రం నడిపిన మైసూరు ఆచార్యుడు ఆయనే. తెలుగు నేల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు మనోవిజ్ఞానంతో పాటు పరామనోవిజ్ఞానాన్ని కూడా విశ్వవిద్యాలయ స్థాయికి తెచ్చారు. అతీంద్రియ శక్తుల పరిశోధన మీద నాకు నమ్మకం లేదు. కానీ ఒక తెలుగువాడు అమెరికాలో పరామనోవిజ్ఞాని జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి విశాఖలో ప్రయోగాలు మొదలుపెట్టాడన్నది చిన్న విషయం కాదు. ఉస్మానియా, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ శాఖలు ఏర్పడ్డాయి. ఇదంతా నగరాల కథ. నల్లగొండకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. కలకత్తాలో శాఖ తెరిచిన తొంభై ఏళ్లకు ఇక్కడ అసలు విశ్వవిద్యాలయమే పుట్టిందన్నమాట.

నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కళాశాల తరతరాల పేదింటి పిల్లలను పట్టభద్రులను చేశాయి. బీఏ అంటే అక్కడ చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం అన్న లెక్క స్థిరపడిపోయింది. గ్రూప్స్ పరీక్షలకు అవే పనికొస్తాయి, చెప్పేవాళ్లూ దొరుకుతారు, ప్రయోగశాల అక్కర్లేదు. 2016లో డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ విధానం వచ్చి, ఆన్‌లైన్‌లో వందల కాలేజీలు ఒకే జాబితాలో కనిపించడం మొదలయ్యాక సైకాలజీ అనే ఆప్షన్ ఉందని చాలామంది పిల్లలకు మొదటిసారి తెలిసింది. ఆప్షన్ మీద వేలు పెడితే మాత్రం ఎక్కువగా హైదరాబాద్ కాలేజీల పేర్లే వస్తాయి. బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ లాంటి చోట్ల ఈ సబ్జెక్టుకు మంచి గిరాకీ ఉంది. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ చెరో వంద కిలోమీటర్లు. బస్సుకు అది దూరమే కాదు. హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు, ఆడపిల్లను పట్నంలో ఒంటరిగా ఉంచాలా అన్న ఇంట్లోవాళ్ల బెంగ కలిస్తే మాత్రం అది చాలా దూరం.

ఆ దూరాన్ని దూరవిద్య కొంత తగ్గించింది. ఇగ్నో సైకాలజీలో బీఏ, ఎంఏ రెండూ నడిపింది. అంగన్‌వాడీలోనో ప్రైవేటు బడిలోనో పనిచేస్తూ చదువుకోవాలనుకునేవాళ్లకు అదే దారి. 2025లో ఆ దారి మూసుకుపోయింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021 పరిధిలోకి వచ్చే కోర్సుల్లో సైకాలజీని కూడా చేర్చి, 2025 జూలై-ఆగస్టు నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్త ప్రవేశాలు వద్దని యూజీసీ ఆదేశించింది. బీఏలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా ఉన్నా సైకాలజీని మాత్రం తీసేయాలంది. ఈ నిర్ణయంలో న్యాయం లేదనను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా, ఒక్క ప్రయోగమైనా చేయకుండా పోస్టులో వచ్చిన పుస్తకాలతో సైకాలజిస్టులు తయారైతే నష్టపోయేది రోగులే. కానీ రెగ్యులర్ తరగతి దగ్గర్లో ఉన్నవాడికి వేసిన నియమమిది. అది లేనివాడికి ఉన్న ఒక్క తలుపూ మూసి, ఇంకో తలుపు తెరవకపోవడం ఈ జిల్లాలకు అన్యాయం. ఒకప్పుడు జిల్లా డిగ్రీ కాలేజీలో సైకాలజీ ఉంటే బాగుండు అనేవాళ్లం. ఇప్పుడు అది లేకపోతే కుదరదు అన్న దశకు వచ్చాం.

మరి ఆ మూడేళ్లలో ఏముంటుంది? ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న, "పిచ్చోళ్ల చదువా బిడ్డా?" దోస్తులు అడిగేది, "నా మనసుల ఏమున్నదో చెప్తవా?" రెండూ కాదు. మొదట ఇంద్రియ జ్ఞానం, అవధానం, స్మృతి, అభ్యసనం, ప్రేరణ. తర్వాత మెదడు, నాడీ వ్యవస్థ. పిల్లలు పెరిగే తీరు, మనుషులు గుంపులో ప్రవర్తించే తీరు, మానసిక రుగ్మతలు. దేశమంతటా ఏళ్ల తరబడి మోర్గాన్, కింగ్ రాసిన పరిచయ గ్రంథం చేతిలో పట్టుకునే విద్యార్థులు ఈ దారిలో నడిచారు.

ఈ చదువుకు ప్రాణం ప్రాక్టికల్స్‌లో ఉంది. అద్దంలో బొమ్మ గీసే ప్రయోగమే తీసుకోండి. కాగితం మీద నక్షత్రం గీసి ఉంటుంది. చేతిని నేరుగా చూడకుండా అట్ట అడ్డం పెడతారు. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ ఆ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మూల రాగానే చేయి మొండికేస్తుంది. పైకి పోవాలనుకుంటే కిందికి పోతుంది. గీత దాటిన ప్రతిసారీ ఒక తప్పు. పట్టిన సమయం, చేసిన తప్పులు రాసుకుంటూ ముందు ఎడమచేత్తో ఒకసారి, తర్వాత కుడిచేత్తో పదిసార్లు చేశాక మళ్లీ ఎడమచేత్తో చేయమంటారు. మధ్యలో సాధన చేయని ఎడమచేయి కూడా ముందుకంటే బాగా గీస్తుంది. టెట్ పుస్తకంలో దీని పేరు ద్విపార్శ్వ బదలాయింపు, ఒక మార్కు బిట్టు. ఇక్కడ దాన్ని తన చేత్తో చేసి, పదిమంది తోటివాళ్ల చేత చేయించి, పట్టిక వేసి, రేఖాచిత్రం గీసి, ఫలితం అనుకున్నట్టు రాకపోతే ఎందుకు రాలేదో రాయాలి. రాకపోతే ఎందుకు రాలేదన్న ఆ నాలుగు వాక్యాలే నా దృష్టిలో ఈ డిగ్రీకి మూలం.

ఆ వెంటే గణాంకశాస్త్రం వస్తుంది. పదో తరగతితో లెక్కలు వదిలించుకున్నామని ఇంటర్ హెచ్‌ఈసీలో చేరిన పిల్లలు సైకాలజీలో మధ్యమం, ప్రామాణిక విచలనం, సహసంబంధం ఎదురయ్యేసరికి బెదిరిపోతారు. ఎందుకు నేర్చుకుంటున్నారో ఎవరైనా చెబితే బెదురు పోతుంది. చెప్పకపోతే అదీ బట్టీయే.

పాఠ్యపుస్తకంలోని మనిషి ఎవరు అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. 2010లో హెన్‌రిక్, హైనె, నోరెంజయాన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ శాస్త్రంలో మనిషి గురించి చెప్పిన మాటలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల చదువుకున్న, సంపన్న సమాజాల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చినవేనని ఎత్తిచూపారు. 2015లో పత్రికల్లో అచ్చయిన వంద ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే మూడో వంతు కంటే కాస్త ఎక్కువగా మాత్రమే మొదటి ఫలితాన్ని స్పష్టంగా ఇచ్చాయి. ఇది ఈ శాస్త్రం పరువు తీసే సంగతి అని కొందరంటారు. తన లెక్క తానే మళ్లీ వేసుకుని తప్పు ఒప్పుకున్న శాస్త్రాన్ని నేను ఇంకా ఎక్కువ నమ్ముతాను.

పాలమూరు తరగతి గదిలో ఈ చర్చ మరీ దగ్గరగా తగులుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్న పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, ఇప్పుడే తింటే ఒకటి, నేను వచ్చేదాకా ఆగితే రెండు అన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారన్న మాట వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో పదేపదే వినిపిస్తుంది. 2018లో ఎక్కువమంది పిల్లల మీద మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు పలచబడింది. 2013లో అమెరికాలోనే ఇంకో ప్రయోగంలో, ఇచ్చిన మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ఎదుట 3 నిమిషాలు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు అమ్మానాన్నలు బొంబాయికో పుణెకో వలసపోగా, "దసరాకు వస్తం బిడ్డా" అన్న మాట పట్టుకుని నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల ఈ ప్రయోగం చదివితే దానికి కొత్త అర్థం దొరుకుతుంది. అందిన మిఠాయిని అప్పుడే తినేసిన పిల్లలో నిగ్రహం లేదా, అనుభవం ఉందా? నారాయణపేట వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఆ ప్రశ్న వేయగలిగినట్టు స్టాన్‌ఫర్డ్ విద్యార్థి వేయలేడు.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు చేతికొచ్చాక ఒకే రకం పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అదే రైతు డబ్బు లేని రోజుల్లో తక్కువ, డబ్బు వచ్చాక ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి మారలేదు, తల మీది బరువు మారింది అని పరిశోధకుల వాదన. దాని మీద అభ్యంతరాలూ ఉన్నాయి. రెండోసారి రాసే పరీక్ష ఎవరికైనా కొంచెం తేలికే కదా అని ఒకటి. మునుగోడు పత్తి రైతు కొడుకు ఈ వాదనను, అభ్యంతరాన్ని రెంటినీ తూచగలిగితే అది డిగ్రీ చదువు.

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో వంగిపోయిన ఎముకల గురించి, గారపట్టిన పళ్ల గురించి ఎంతో రాశారు. ఆ పళ్లతో అద్దంలో చూసుకున్న పదహారేళ్ల పిల్ల మనసు గురించి, ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి జంకిన రోజుల గురించి రాసింది తక్కువ. 2024లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్‌కు, పిల్లల్లో తక్కువ ప్రజ్ఞాలబ్ధికి సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో తేల్చింది. ఈ వార్త చదవగానే మన పిల్లలు తెలివితక్కువవాళ్లా అని బాధపడటం ఒక పద్ధతి. ఏ పరీక్షతో కొలిచారు, ఏ భాషలో అడిగారు, ఫ్లోరైడ్ ఉన్న ఊరికీ లేని ఊరికీ బడిలో, తిండిలో తేడాలను లెక్క కట్టారా అని అడగడం ఇంకో పద్ధతి. సి.ఎం. భాటియా 1955లో చదువురానివాళ్లకు కూడా పనికొచ్చేలా దిమ్మలు పేర్చడం, నమూనాలు గీయడం లాంటి పనులతో ప్రజ్ఞా పరీక్ష తయారుచేశాడు. ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో తెలిసినవాడే ఫ్లోరైడ్ వార్తను సరిగ్గా చదవగలడు.

పాలమూరుకు కల్లు సంగతి ఉంది. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద కన్నెర్ర చేసింది. కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ ఒక్కసారిగా ఆగిపోవడంతో మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆస్పత్రులకు వందల మంది వచ్చి పడ్డారు. చేతుల వణుకు, నిద్ర లేదు, ఫిట్లు, లేనిది ఉన్నట్టు కనపడటం. "కల్లు లేక పిచ్చెక్కింది" అన్నారు జనం. శరీరం మందుకు అలవాటు పడి, అది అందకపోతే తిరగబడటం అది. దీనికి వైద్యం డాక్టరు పని. కానీ పొద్దుగూకి కల్లు కాంపౌండ్ వైపు చూడగానే, ఆ పులిసిన వాసన తగలగానే మానేసిన మనిషికి మళ్లీ ఎందుకు తాగబుద్ధవుతుందో చెప్పేది పావ్లోవ్ కుక్కే. బిట్టుగా నేర్చుకున్న గంట శబ్దం, లాలాజలం ఇక్కడ మనిషి ప్రాణానికి సంబంధించిన పాఠం అవుతాయి. నిబంధనాన్ని ఈ ఉదాహరణతో మొదలుపెట్టే తెలుగు పాఠ్యపుస్తకం కోసం నేను ఎదురుచూస్తున్నాను.

బాణామతి అనే చేతబడి నమ్మకం మీద, 1988 నిషేధ చట్టం వచ్చిన తర్వాత కూడా పోని జోగిని ఆచారపు గాయాల మీద ఇలాగే ఎంతో చదవాల్సి ఉంది. వాటిని రెండు మాటల్లో తేల్చలేను.

భాష దగ్గర మాత్రం ఆగాలి. తెలంగాణ పల్లెలో డిప్రెషన్ అన్న మాట ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది. అంతకుముందు నుంచీ రంది ఉంది. "కొడుకు రందితోని చిక్కిపోయింది", "రంది పెట్టుకోకే అవ్వా" అంటారు. బుగులు ఉంది. బుగులు పట్టినవాడికి గుండె దడదడలాడుతుంది, చీకట్లో బయటికి పోడు. పరేషాన్ ఇంకో రకం. నిద్ర పడతలేదు, తలకాయ బరువున్నది, కడుపుల మంట అని శరీరం మీద చెప్పుకునే బాధలు వేరే. రంది, డిప్రెషన్ ఒకటేనా? కాదనిపిస్తుంది. రందికి ఎప్పుడూ ఒక కారణం, ఒక మనిషి, ఒక పోయిన వస్తువు ఉంటాయి. బుగులు కారణం లేకుండా కూడా పట్టుకుంటుంది. ఈ తేడాలను పట్టుకోని ప్రశ్నావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దించుకుని దామరచర్లలో ఒక ముసలమ్మను "గత రెండు వారాలుగా మీకు ఆసక్తి తగ్గిందా" అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? డిగ్రీ విద్యార్థి చేయగలిగిన అసలైన పరిశోధన ఇక్కడ ఉంది. దానికి యంత్రం అక్కర్లేదు. ఓపిక, నోట్‌బుక్, మాట్లాడే యాస చాలు. పట్నం నుంచి వచ్చిన పరిశోధకుడికి లేనిది ఆ యాసే.

ఇక ఉద్యోగం. ఈ విషయంలో పిల్లలకు నిజం చెప్పేవాళ్లు తక్కువ. బీఏ సైకాలజీ చదివితే సైకాలజిస్టు అయిపోరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే గుర్తింపు పొందిన పైచదువు, అందులో ఆస్పత్రి శిక్షణ ఉండాలి. మొన్నటి దాకా లెక్క డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన ఎంఫిల్ రెండేళ్లు. మొత్తం ఏడేళ్లు. జాతీయ విద్యావిధానం తర్వాత ఎంఫిల్ పోతోంది. క్లినికల్ సైకాలజీకి గడువు పొడిగించారు, దాని స్థానంలోకి కొత్త కోర్సులు వస్తున్నాయి. నియమాలు ఏటా మారుతున్నాయి గనుక చేరేముందు కౌన్సిల్ తాజా ప్రకటన చూసుకోవాలి. మూడు నెలల సర్టిఫికెట్‌తో కౌన్సిలర్ బోర్డు పెట్టుకోమని ప్రోత్సహించే ప్రకటనలను నమ్మవద్దు. ఇది కోపంతోనే రాస్తున్నాను. బోర్డు చూసి వచ్చేవాళ్లు కష్టంలో ఉన్న మనుషులు.

అవసరం లేదని మాత్రం ఎవరూ అనలేరు. నిమ్‌హాన్స్ 2015-16 జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితంగా పనిచేస్తోంది. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద ఉండాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అంటే మనోరోగ వైద్యులు ఈ నేలకు చేరుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని పరీక్షలు చేసేవాళ్లు, ఇంటివాళ్లతో మాట్లాడేవాళ్లు ఇక్కడి డిగ్రీ కాలేజీల నుంచి రావాలి. ఆ దారి అందరూ పట్టనక్కర్లేదు. ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లుగా, పోలీసులుగా, విలేకరులుగా పోయేవాళ్లకు కూడా మనిషి మాటను ఎలా నమ్మాలో, ఎలా అనుమానించాలో నేర్పిన చదువు వృథా కాదు.

ఇంగ్లీషు మాధ్యమం సంగతి చెప్పకుండా ఉండలేను. తెలుగు అకాడమీ 1968 నుంచి పాఠ్యపుస్తకాలు తెస్తోంది. ఉపాధ్యాయ శిక్షణకు తెలుగులో సైకాలజీ పుస్తకాలు బాగానే ఉన్నాయి. డిగ్రీ స్థాయి ప్రయోగాత్మక, సామాజిక మనోవిజ్ఞానానికి ఆ నిండుదనం లేదు. పాఠం ఇంగ్లీషులో చదివి, ముసలమ్మతో తెలుగులో మాట్లాడి, రికార్డు మళ్లీ ఇంగ్లీషులో రాయాల్సిన విద్యార్థికి రెండు భాషల్లోనూ పదాలు కావాలి. టెట్ పుస్తకాలు నాటిన పదాలు ఇక్కడ పనికొస్తాయి. వాటి పక్కన రంది, బుగులు కూడా చేరాలి.

ఈ సబ్జెక్టు పెట్టామని చెప్పే కాలేజీలో చేరబోయే పిల్లలు, తల్లిదండ్రులు కొన్ని చూసుకోవాలి. సైకాలజీలో పీజీ చేసిన అధ్యాపకులు ఎందరున్నారు, వాళ్లు గెస్ట్ లెక్చరర్లయితే సగం సెమిస్టరులో మారిపోతారా? ప్రాక్టికల్ గది ఉందా, దానికి తాళం వేసి ఉందా? అద్దం, అట్ట, స్టాప్‌వాచ్, భాటియా దిమ్మలు బల్ల మీదున్నాయా, బీరువాలో ఉన్నాయా? పై తరగతి పిల్లల రికార్డు పుస్తకం ఒకటి అడిగి తెరవండి. అందరి రికార్డుల్లో ఒకే అంకెలు, ఒకే ఫలితం ఉంటే ఆ ప్రయోగం ఎవరూ చేయలేదన్నమాట.